మాంట్రియల్ పక్కన ఇల్లు: లవాల్, లాంగాయ్, బ్రొసార్, టెర్‌బాన్‌లలో మీకు ఏది?

మాంట్రియల్‌లో ఉద్యోగం వచ్చిందనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో పడే మొదటి ప్రశ్న, "ఇల్లు ఎక్కడ చూసుకుంటే మంచిది?" జవాబులు కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఎవరు ఏ ఊళ్లో ఉంటే వాళ్లకు ఆ ఊరే గొప్ప. బ్రొసార్‌లో కొన్నవాళ్లు బ్రొసార్ తప్ప ఇంకోటి ఊరే కాదంటారు. నేను లవాల్ పక్షం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, కింది మాటల్లో లవాల్ మీద కాస్త మొగ్గు కనిపిస్తే దాన్ని తీసేసి చదువుకోండి.

ముందు మ్యాప్ తెరవండి. మాంట్రియల్ నగరం ఒక ద్వీపం మీద ఉంది. దక్షిణాన సెయింట్ లారెన్స్ నది, ఉత్తరాన రివియేర్ దె ప్రెరీ. కాబట్టి ఇక్కడ సబర్బ్‌లో ఉండటమంటే రోజూ పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి నది దాటడం. టొరంటో నుంచి వచ్చేవాళ్లకు ఇది తొందరగా తలకెక్కదు. అక్కడ హైవే జామ్ అయితే పక్క రోడ్డు పట్టుకోవచ్చు, ఇక్కడ నదికి పక్క రోడ్డు ఉండదు. వంతెనల మీద లేన్లు మూసేసి రిపేర్లు చేయడం ఈ నగరంలో ఏడాది పొడవునా జరిగే పని. అందుకే వంటిల్లు ఎంత పెద్దది, బాల్కనీ ఎటు ఉంది అన్నవి తర్వాత. ఆఫీసుకు ఏ వంతెన మీద వెళ్లాలి, ఆ వంతెన మీద రైలు ఉందా లేదా, ముందు అది తేల్చుకోండి. సగం ఊళ్లు అక్కడే కొట్టుకుపోతాయి.

ఫ్రెంచ్ సంగతి ముందే

ఈ నాలుగూ ఫ్రెంచ్ ఊళ్లే. మోతాదులో తేడా ఉంది కానీ మునిసిపాలిటీ నోటీసు, స్కూలు నుంచి వచ్చే చీటీ, మంచు తీసేటప్పుడు కారు తీయమని వీధిలో పెట్టే బోర్డు, అన్నీ ఫ్రెంచ్‌లోనే ఉంటాయి. యానాం వాళ్ల తాతల సంగతి వేరు, మిగతా మనందరికీ ఫ్రెంచ్ అంటే అ ఆల నుంచి మొదలే.

చాలామంది అడిగేది, "ఏ ఊళ్లో ఉంటే పిల్లలకు ఇంగ్లీష్ స్కూలు దొరుకుతుంది?" అని. ఊరిని బట్టి అది మారదు. మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రంలో 1977లో వచ్చిన ఫ్రెంచ్ భాషా చట్టం, అంటే అందరూ బిల్ 101 అనేది, వలస వచ్చినవాళ్ల పిల్లలు సెకండరీ అయ్యేదాకా ఫ్రెంచ్ స్కూల్లోనే చదవాలంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరు కెనడాలో ఇంగ్లీష్ మీడియంలో ప్రైమరీ చదివి ఉంటే మినహాయింపు ఉంటుంది, మన కుటుంబాల్లో అలాంటివాళ్లు అరుదు. వర్క్ పర్మిట్ మీదో స్టడీ పర్మిట్ మీదో వచ్చినవాళ్ల పిల్లలకు తాత్కాలిక అనుమతి ఉంది కానీ, 2022లో వచ్చిన బిల్ 96 తర్వాత అది గరిష్ఠంగా మూడేళ్లు. ప్రభుత్వ సాయం ఒక్క పైసా తీసుకోని ప్రైవేట్ ఇంగ్లీష్ స్కూళ్లు ఉన్నాయి, ఫీజులు అందుకు తగ్గట్టే ఉంటాయి.

మూడేళ్లు ఇంగ్లీష్‌లో చదివించి, పిల్లవాడికి పదేళ్లొచ్చాక ఫ్రెంచ్‌లోకి మార్చే ఆలోచన ఉంటే మాత్రం నేను వద్దనే అంటాను. ఐదేళ్ల పిల్లకు ఫ్రెంచ్ ఆటలో వచ్చేస్తుంది. పదేళ్లవాడికి అది లెక్కల్లోనూ సైన్సులోనూ అడ్డంపడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లల కోసం స్కూళ్లలో "క్లాస్ దాక్కాయ్" అని ప్రత్యేక తరగతులుంటాయి, ముందు అందులో భాష నేర్పి తర్వాత మామూలు తరగతిలోకి పంపుతారు. ప్రతి స్కూల్లోనూ ఇవి ఉండవు. మీ వీధిలోని స్కూల్లో లేకపోతే ఇంకో పేటకు పంపుతారు. ఇల్లు ఖాయం చేసుకునే ముందే ఆ ఊరి స్కూళ్ల ఆఫీసుకు ఫోన్ చేసి, మీ చిరునామా పిల్లల్ని ఎక్కడికి పంపుతారో కనుక్కోండి. లాంగాయ్, బ్రొసార్ రెండూ మారీ-విక్తొరాన్ అనే ఒకే ఫ్రెంచ్ స్కూళ్ల సంస్థ కిందకు వస్తాయి. లవాల్‌కు సొంత సంస్థ ఉంది. టెర్‌బాన్ స్కూళ్లు దెజాఫ్లుఆన్ కిందివి.

పై చదువు లెక్క కూడా తెలిసి ఉంటే మంచిది. ఇక్కడ స్కూలు పదకొండో తరగతితో అయిపోతుంది. తర్వాత రెండేళ్లు సీజెప్. మన ఇంటర్మీడియట్ లాంటిదే అనుకోండి, ఎంసెట్ కోచింగ్ మాత్రం ఉండదు. ఇంజినీరింగో మెడిసినో ఆ తర్వాతే. లవాల్‌లో మాంమొరాన్సీ కాలేజీ, లాంగాయ్‌లో ఎడువార్ మాంపెతీ ఫ్రెంచ్ సీజెప్‌లు. దక్షిణ ఒడ్డున ఇంగ్లీష్ సీజెప్ కావాలంటే లాంగాయ్ పక్కనే సెయింట్ లాంబర్ట్‌లో శాంప్లేన్ కాలేజీ ఉంది.

పెద్దవాళ్ల విషయానికొస్తే, పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఆలోచన ఉన్నవాళ్లకు ఫ్రెంచ్ తప్పించుకునే దారి లేదనే చెప్పాలి. కెనడా కేంద్ర ప్రభుత్వం పీఆర్‌కు ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ క్యూబెక్‌లో స్థిరపడేవాళ్లకు వర్తించదు. ఇక్కడ ఎంపిక క్యూబెక్ ప్రభుత్వమే చేస్తుంది, ఆ ఎంపికలో ఫ్రెంచ్‌కు చాలా బరువుంది. వచ్చిన ఆరు నెలల తర్వాత ప్రభుత్వ ఆఫీసులు ఆరోగ్యం, భద్రత లాంటి కొన్నింటికి తప్ప మీతో ఫ్రెంచ్‌లోనే మాట్లాడాలన్నది కూడా చట్టమే. క్లాసులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, ఫ్రాన్సిజాస్యాన్ క్యూబెక్ అనే సంస్థ ద్వారా. సాయంత్రం క్లాసులు, ఆన్‌లైన్ క్లాసులు కూడా ఉన్నాయి. దిగిన వారంలోనే పేరు రాయించుకోండి, చలికాలం అయ్యాక చూద్దాం అనుకుంటే ఇంకో చలికాలం వచ్చేస్తుంది.

ఇవేవీ మన వల్ల కాదు, ఇంగ్లీష్‌తోనే గడిపేస్తాం అనేవాళ్లకు ఈ నాలుగు ఊళ్ల కంటే మాంట్రియల్ ద్వీపం పడమటి కొస నయం. అక్కడి డొలార్-దె-ఓర్మో లాంటి ఊళ్లకు ద్విభాషా హోదా ఉంది, మురుగన్ గుడి, హిందూ మందిరం కూడా ఆ ఊళ్లోనే. స్కూలు చట్టం మాత్రం అక్కడా ఇదే.

లవాల్

ఒక ద్వీపం మొత్తం ఒకే ఊరు. 1965లో 14 మునిసిపాలిటీలను కలిపి లవాల్ నగరం చేశారు. 2021 లెక్కల్లో జనాభా 4 లక్షల 38 వేలు. క్యూబెక్‌లో మాంట్రియల్, క్యూబెక్ సిటీల తర్వాత ఇదే పెద్దది. దీన్ని సబర్బ్ అంటే ఇక్కడివాళ్లకు కాస్త కోపం కూడా వస్తుంది. ఉద్యోగాలు, ఆసుపత్రి, కాలేజీ, మాల్, హాకీ స్టేడియం అన్నీ ఊళ్లోనే ఉన్నాయి, డౌన్‌టౌన్ ముఖం చూడకుండా నెలలు గడిపేవాళ్లు చాలామంది.

స్టూడెంట్లకు ఒక మాట. యూనివర్సిటీ లవాల్ ఈ ఊళ్లో లేదు. అది ఇక్కడికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో క్యూబెక్ సిటీలో ఉంది. అడ్మిషన్ అక్కడ తెచ్చుకుని రూమ్ ఇక్కడ వెతకొద్దు.

లవాల్‌ను మిగతా ఊళ్ల నుంచి వేరుచేసేది మెట్రో. 2007 ఏప్రిల్‌లో ఆరెంజ్ లైన్‌ను నది కింద నుంచి ఇక్కడికి తెచ్చి మూడు స్టేషన్లు కట్టారు: కార్తియే, ద లా కాంకార్డ్, చివర మాంమొరాన్సీ. మాంమొరాన్సీలో ఎక్కితే బండి అక్కడే మొదలవుతుంది కాబట్టి జనవరి పొద్దున్న కూడా కూర్చునే చోటు దొరుకుతుంది. జాన్ టాలన్‌లో దిగి బ్లూ లైన్ మారితే రెండో స్టేషన్ పార్క్. బయటికొస్తే పార్క్ ఎక్స్‌టెన్షన్, అంటే కందిపప్పు, గోంగూర, ఇడ్లీ రవ్వ, బాస్మతి బస్తాలు దొరికే పేట. కారు లేకుండా ఇండియన్ సరుకులు తెచ్చుకోగలగడం మొదటి ఏడాదిలో చిన్న విషయం కాదు. 2025 నవంబరులో రెమ్ అనే, మెట్రో లాంటి కొత్త రైలు కూడా లవాల్ పడమటి వైపున సెయింట్ డోరోతీ దాకా వచ్చింది. మాంట్రియల్‌లోని సెయింట్ లారెంట్ పేట వైపు ఆఫీసులున్నవాళ్లకు ఇది మెట్రో కంటే దగ్గరి దారి.

కానీ "లవాల్‌లో ఇల్లు" అన్న మాటకు అర్థం లేదు. లవాల్‌లో ఏ పేట అన్నదే అసలు ప్రశ్న. పాన్-వియో, లవాల్-దె-రాపీద్ పాత పేటలు. మెట్రోకు నడిచి వెళ్లొచ్చు, ఇళ్లు పాతవి, అద్దె కాస్త తక్కువ. షోమెడేలో గ్రీకులు, లెబనీయులు, ఆర్మేనియన్లు, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు బాగా ఉంటారు, అపార్ట్‌మెంట్లు ఎక్కువ, ఇంగ్లీష్ కూడా వినబడుతుంది. కొత్తగా వచ్చిన కుటుంబానికి నేను మొదట చూపించే పేట ఇదే. కూరగాయల కొట్లలో కొత్తిమీర కట్టలు కట్టలుగా ఉంటుంది, మెంతికూర కోసమే పార్క్ ఎక్స్‌కు పోవాలి. విమాన్, ఓతెయ్, ఫాబ్ర్‌విల్ సొంతిళ్ల పేటలు, కారు లేకపోతే బస్సు కోసం మంచులో నిలబడాలి. సెయింట్ రోజ్ పాత పల్లెలా అందంగా ఉంటుంది, మిల్ ఈల్ నదిలో పడవలు వేసుకోవచ్చు. తూర్పు కొసన సెయింట్ ఫ్రాన్స్వా అయితే లవాలేనా అనిపించేంత దూరం. ఊరి భూమిలో కొంత ఇప్పటికీ వ్యవసాయానికే కేటాయించి ఉంచారు. జూన్ చివర్లో పిల్లల్ని స్ట్రాబెర్రీ తోటలకు తీసుకెళ్లి బుట్ట చేతికిస్తే, బుట్టలోకి వెళ్లేవి తక్కువే కానీ ఆ పూట అల్లరి ఉండదు.

కారు మీద ఆధారపడేవాళ్లకు లవాల్ అంత తీపి కాదు. పొద్దున్న ఏడున్నరకు 15 నంబరు హైవే దక్షిణం వైపు కదలదు. 25 నంబరు వంతెన ఖాళీగా ఉంటుంది, 2011లో తెరిచిన దానికి టోల్ ఉంది, అందుకే ఖాళీ. కెమెరా నంబరు ప్లేటు చూసి ఇంటికి బిల్లు పంపిస్తుంది. ఆ వంతెన సంగతి తెలియని జీపీఎస్ ఉండదు, అది "ఫాస్టెస్ట్ రూట్" అని రోజూ అటే తిప్పుతుంది. మొదటి బిల్లు వచ్చినరోజే టోల్ రోడ్లు వద్దన్న సెట్టింగ్ ఎక్కడుందో అందరూ నేర్చుకుంటారు.

నది అవతల: లాంగాయ్, బ్రొసార్

దక్షిణ ఒడ్డున ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా స్వభావాలు వేరు.

లాంగాయ్ జనాభా 2 లక్షల 54 వేలు. ఎక్స్‌పో 67 ప్రదర్శన కోసం 1967లో వేసిన యెల్లో లైన్ చివరి స్టేషన్ ఇక్కడుంది. మధ్యలో ఒకే స్టేషన్, అదీ నది మధ్య దీవిలో, తర్వాత బెర్రి-యూకామ్. ఈ నాలుగు ఊళ్లలో డౌన్‌టౌన్‌కు ఇంత దగ్గరగా ఇంకోటి లేదు. స్టేషన్ చుట్టూ ఎత్తైన అపార్ట్‌మెంట్లు, షెర్‌బ్రూక్ యూనివర్సిటీ క్యాంపస్, బస్ టెర్మినల్. కాంకార్డియాలోనో మెక్‌గిల్‌లోనో చదివేవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి రూమ్ తీసుకోవాలంటే ద్వీపం మీద వెతికే ముందు ఇక్కడ ఒకసారి చూడాలి. బెర్రిలో గ్రీన్ లైన్ మారితే రెండు క్యాంపస్‌లూ చేతికందే దూరంలో ఉంటాయి.

విమానాల రంగంలో పనిచేసేవాళ్లకైతే లాంగాయ్ అడగక్కర్లేదు. ప్రాట్ అండ్ విట్నీ కెనడా ప్రధాన కార్యాలయం ఇక్కడే. సెయింట్ ఉబేర్ పేటలో కెనడా అంతరిక్ష సంస్థ, దాని దగ్గరే విమాన సాంకేతిక విద్య నేర్పే కాలేజీ. మెకానికల్, ఏరోస్పేస్ చదివి వచ్చిన మనవాళ్లు కొందరు ఆఫీసు లాంగాయ్‌లో పెట్టుకుని ఇల్లు లవాల్‌లో తీసుకుంటారు, స్నేహితులు అక్కడున్నారని. రోజూ ఒక ద్వీపాన్ని అడ్డంగా దాటి రెండు నదుల మీద ప్రయాణం. అంత స్నేహం అక్కర్లేదు. లాంగాయ్‌లో గ్రీన్‌ఫీల్డ్ పార్క్ అనే చిన్న పేటలో ఇంగ్లీష్ బాగానే నడుస్తుంది, షార్ల్ లమ్వాన్ ఆసుపత్రి కూడా అక్కడే. మిగతా ఊరు ఫ్రెంచే. నది కింద నుంచి కార్లు వెళ్లే లా ఫోంతేన్ సొరంగంలో 2022 నుంచి పెద్ద మరమ్మతులు జరుగుతున్నాయి. ఆఫీసు మాంట్రియల్ తూర్పు వైపు ఉండి కారులో వెళ్లేవాళ్లు ఇల్లు ఖాయం చేసుకునే ముందు సొరంగంలో ఎన్ని లేన్లు తెరిచి ఉన్నాయో కనుక్కోవాలి.

బ్రొసార్ చిన్నది, 91 వేల జనాభా, 1958లో పుట్టిన ఊరు. పాత చర్చి చుట్టూ పెరిగిన ఊరు కాదు కాబట్టి వీధులు కూడా ప్లాన్ ప్రకారమే. ఒక పేటలో వీధుల పేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి. "మీరెక్కడ?" అని అడిగితే "ఎం సెక్షన్," "ఆర్ సెక్షన్" అంటారు. ఈ పద్ధతి అలవాటయ్యాక డెలివరీ అబ్బాయికి దారి చెప్పడం ఇంత సులువైన ఊరు ఇంకోటి ఉండదు. చైనీయులు చాలామంది ఉన్నారు, తష్రో రోడ్డు పొడవునా ఆసియా సూపర్‌మార్కెట్లు. బెండకాయ, సొరకాయ, కరివేపాకు, తాజా చేపలకు మనవాళ్లు వెళ్లేది అక్కడికే. 10, 30 నంబరు హైవేలు కలిసేచోట డిక్స్‌థర్టీ అనే పెద్ద షాపింగ్ కేంద్రం ఉంది, పేరు ఆ హైవేల నుంచే వచ్చింది.

బ్రొసార్ రాత మార్చింది రెమ్. 2023 జులై 31న ఇక్కడి నుంచి డౌన్‌టౌన్‌లోని సెంట్రల్ స్టేషన్‌కు డ్రైవర్ లేని రైలు మొదలైంది. ఇరవై నిమిషాల్లోపే దిగుతారు. శాంప్లేన్ వంతెన మధ్యలోంచి పట్టాలు వెళ్తాయి. రెండు పక్కలా కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటే మీరు ముందు అద్దం దగ్గర నిలబడి నది చూసుకుంటూ పోవచ్చు. ఇప్పుడు మెక్‌గిల్ స్టేషన్, ఎడువార్ మాంపెతీ స్టేషన్ కూడా ఈ లైన్‌లో ఉన్నాయి. రెండోదాంట్లో బ్లూ లైన్ మారితే మూడో స్టేషన్ పార్క్, అంటే పార్క్ ఎక్స్ సరుకులు బ్రొసార్‌కూ దగ్గరయ్యాయి.

ఇందులో రెండు మెలికలున్నాయి. ఒకటి, రెమ్ వచ్చాక వంతెన దాటి డౌన్‌టౌన్‌కు వెళ్లే పాత బస్సులను ఆపి రెమ్ స్టేషన్లకు మళ్లించారు. కాబట్టి గడ్డకట్టే చలిలో రైలు ఆగిందంటే, అలా ఆగిన పొద్దుటి పూటలు చాలానే ఉన్నాయి, బ్రొసార్‌లోని పనామా రెమ్ స్టేషన్ దగ్గర అందరూ కలిసి బదులు బస్సు కోసం నిలబడాల్సిందే. వారానికి ఐదు రోజులూ తొమ్మిదింటికల్లా సీట్లో ఉండాలనే మేనేజరున్నవాళ్లకు ఇది టెన్షనే. రెండోది ధర. స్టేషన్‌కు నడిచి వెళ్లే దూరంలో ఉన్న కాండోలు ఈ నాలుగు ఊళ్లలో అన్నిటికంటే ఖరీదైనవాటిలో చేరతాయి. నడిచే దూరం కాకపోతే స్టేషన్ దాకా కారు కావాలి, పనామా పార్కింగ్ పెందలాడే నిండిపోతుంది. ఇద్దరూ డౌన్‌టౌన్‌లో పనిచేస్తూ, ఒక్క కారుతో, కొంచెం ఎక్కువ అద్దె పెట్టగలిగితే నా పక్షపాతం పక్కన పెట్టి బ్రొసార్ తీసుకోమనే అంటాను.

టెర్‌బాన్

లవాల్ కూడా దాటి మిల్ ఈల్ నదికి ఉత్తరాన ఉంటుంది. 2001లో లష్నే, లా ప్లేన్ అనే రెండు ఊళ్లు ఇందులో కలిశాయి. 2016లో లక్షా 11 వేలున్న జనాభా 2021కి లక్షా 20 వేలకు చేరింది, అదే ఐదేళ్లలో లవాల్ పెరిగినదాని కంటే రెట్టింపు వేగం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాంట్రియల్‌లో ఇల్లు కొనలేక, పెరడు కావాలని వచ్చే ఫ్రెంచ్ కుటుంబాలు. పాత ఊళ్లో నది ఒడ్డున ఈల్-దె-మూలాన్ అని పాత మిల్లుల దీవి ఉంది, వేసవి సాయంత్రం అక్కడ తిరుగుతుంటే వచ్చేయాలనిపించదు.

ఇక్కడ ఫ్రెంచ్ లేకుండా బతకలేం. షోమెడేలో కొట్టువాడు మీ తడబాటు చూసి ఇంగ్లీష్‌లోకి వస్తాడు, టెర్‌బాన్‌లో ప్లంబర్‌తో పైపు లీకేజీ సంగతి ఫ్రెంచ్‌లోనే చెప్పుకోవాలి. అదే పిల్లలకు మేలు కూడా. ఆడుకునేవాళ్లందరూ ఫ్రెంచ్ మాట్లాడితే వాళ్లకు భాష ఏడాదిలో వచ్చేస్తుంది. పెద్దవాళ్లే ఒంటరివాళ్లవుతారు, ముఖ్యంగా ఇంట్లో ఉండిపోయే భార్యో, ఇండియా నుంచి ఆరునెలలకు వచ్చిన అత్తగారో. పలకరించే తెలుగువాళ్లు వీధిలో ఉండరు, బస్సు ఎక్కి ఎక్కడికైనా పోదామన్నా దూరాలు.

మెట్రో లేదు. 2014 చివర్లో మొదలైన మస్కూష్ లైన్ రైలుంది కానీ అది రద్దీ వేళలకు తగ్గట్టు నడిచే ప్యాసింజర్ రైలు. రాత్రి ఆలస్యమైతే దాన్ని నమ్ముకోలేం. బస్సు, మెట్రో టికెట్టు కూడా ఇక్కడ సి జోన్. లవాల్, లాంగాయ్, బ్రొసార్ బి జోన్‌లో ఉన్నాయి కాబట్టి నెల పాసు వాటికంటే ఇక్కడ ఎక్కువ. కారులో వెళ్తే ఒకటి కాదు, రెండు నదులు దాటాలి. ఇంటి ధరలో మిగిలింది రెండో కారుకు పోతుంది. ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాక కూడా టెర్‌బాన్ నచ్చితే, అంటే వారానికి రెండు రోజులే ఆఫీసు, ఫ్రెంచ్ వచ్చు, పెరడు కావాలి, కొనడానికే వచ్చాం అనుకుంటే, ఇంతకంటే మంచి ఊరు లేదు. అద్దెకు, మొదటి ఏడాదిలో మాత్రం వద్దు.

ఇదే వరసలో వోడ్రాయ్-డోరియన్ పేరు కూడా వినబడుతుంది. పడమటి వైపు, ఇంగ్లీష్ కాస్త ఎక్కువ, 2016 నుంచి 2021కి 13 శాతం దాకా పెరిగిన ఊరు. అక్కడి నుంచి 40 హైవే మీద ద్వీపంలోకి రావాలంటే ఈల్-ఓ-తూర్త్ వంతెన దాటాలి. పాతదాని మీద లేన్లు తగ్గించి తిప్పలు పెట్టి, పక్కనే కొత్తది కట్టడం మొదలెట్టారు. ఆఫీసు పడమటి ద్వీపంలోనో, ఒట్టావా దారిలోనో ఉంటే తప్ప అటు చూడక్కర్లేదు.

అద్దె కాగితం, కొనుగోలు కాగితం

ప్రకటనల్లో 3½, 4½ అని ఉంటాయి. అవి బెడ్‌రూముల లెక్క కాదు. వంటిల్లు, హాలు, పడకగదులు అన్నీ ఒక్కోటి, బాత్రూమ్ అర. 4½ అంటే మన డబుల్ బెడ్‌రూమ్. "షోఫే" అని ఉంటే వేడి ఖర్చు అద్దెలోనే. లేకపోతే హైడ్రో-క్యూబెక్ బిల్లు మీది. కరెంటు ఇక్కడ చవకే అయినా పాత ఇంటి కిటికీలు జనవరిలో ఆ మాట అననివ్వవు.

హైదరాబాద్‌లోలా రెండు నెలల అడ్వాన్స్ అడిగితే ఇవ్వొద్దు. క్యూబెక్‌లో సెక్యూరిటీ డిపాజిట్ అడగడం చట్టవిరుద్ధం, మొదటి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవచ్చు. ఇండియాలో ఉండగానే "డిపాజిట్ పంపండి, తాళాలు కొరియర్ చేస్తాం" అనేవాడు మోసగాడే. లీజు ప్రభుత్వ నమూనా మీద ఉండాలి. అందులో రెండు చోట్ల చూడండి. జి సెక్షన్‌లో గత పన్నెండు నెలల్లో ఆ ఇంటికి తీసుకున్న అతి తక్కువ అద్దె రాయాలి. మీ దగ్గర దానికంటే చాలా ఎక్కువ అడిగితే అద్దె తగాదాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. ఎఫ్ సెక్షన్ నింపి ఉంటే భవనం కట్టి ఐదేళ్లు కాలేదని, అద్దె పెంపు మీద ట్రిబ్యునల్ అడ్డుపడదని అర్థం. మాంమొరాన్సీ చుట్టూ, బ్రొసార్ రెమ్ స్టేషన్ల పక్కన మెరిసే కొత్త టవర్లలో చాలావాటికి ఇది వర్తిస్తుంది. ఎంతవరకు పెంచగలరో ఆ కాగితం మీదే రాసి ఉండాలి, రాయకపోతే రాయమని అడగండి.

కొనేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది బేస్‌మెంట్. 2017, 2019 వసంతాల్లో నదులు పొంగి లవాల్ పడమటి వైపు, ఇంకా పైకి వెళ్తే డూ-మాంటాన్ సరస్సు చుట్టూ ఇళ్లు మునిగాయి. 2019 ఏప్రిల్‌లో సెయింట్ మార్త్ దగ్గర గట్టే తెగింది. 2024 ఆగస్టు 9న ఒక్కరోజు కురిసిన వానకు నదికి దూరంగా ఉన్న ఇళ్ల బేస్‌మెంట్లలోకి కూడా డ్రైనేజీ ఎగదన్నింది. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటింటి గ్రానైట్ తర్వాత చూడొచ్చు, ముందు కిందికి దిగి గోడల అడుగున తడి గీత ఉందేమో, డ్రైనేజీ వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు ఉందా అని చూడండి. నీళ్లు వచ్చిన చరిత్ర ఉందా అని అమ్మేవాళ్లు నింపి ఇచ్చే డిక్లరేషన్‌లో చదవండి. రిజిస్ట్రేషన్ ఇక్కడ నోటరీ దగ్గర జరుగుతుంది. కొన్న కొన్నాళ్లకు మునిసిపాలిటీ నుంచి "వెల్‌కమ్ టాక్స్" అని ఒక బిల్లు వస్తుంది, ఇంటి ధరను బట్టి వేలల్లో. బ్యాంకు లోన్‌లో అది కలవదు, చేతిలో ఉంచుకోవాలి.

కారుకు ఒకటి రెండు విషయాలు. మాంట్రియల్ ద్వీపం మీద రెడ్ సిగ్నల్ దగ్గర కుడివైపు తిరగకూడదు. వంతెన దాటి ఈ ఊళ్లలోకి రాగానే, వద్దన్న బోర్డు లేకపోతే తిరగొచ్చు. డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. అక్టోబరు వచ్చిందంటే సొంతిళ్ల వాకిళ్లన్నిటి ముందూ తెల్లటి గుడారాలు లేస్తాయి, టెంపో అంటారు, కారు మీద మంచు పడకుండా. మొదటిసారి చూసినవాళ్లు వీధంతా పెళ్లిళ్లనుకుంటారు.

ఇక ఎప్పుడు వెతకాలి అన్నది. క్యూబెక్‌లో లీజులు ఎక్కువగా జులై 1న మొదలై జూన్ 30న అయిపోతాయి. జులై 1న ఊరంతా ఇళ్లు మారుతుంది, ట్రక్కులు దొరకవు, ఫుట్‌పాత్‌ల మీద సోఫాలు. మంచి ఇళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే పోతాయి. ఆగస్టు, సెప్టెంబరులో దిగేవాళ్లు మిగిలినవాటిలో ఏరుకోవాలి కాబట్టి, అప్పుడు ఏడాది లీజు కాకుండా ఉన్నవాళ్ల దగ్గర వచ్చే జూన్ దాకా లీజు బదిలీ దొరుకుతుందేమో అడగండి. చూడటానికి మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఫ్రెండు కారులో వెళ్లొద్దు. ఆదివారం అన్ని వంతెనలూ ఖాళీగానే ఉంటాయి. మంగళవారం పొద్దున్న ఏడింటికి ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, అక్కడి నుంచి ఆఫీసు దాకా మీరు రోజూ వెళ్లే పద్ధతిలోనే ఒకసారి వెళ్లి, ఆ తర్వాత సంతకం చేయండి.